టీచరమ్మ మోసిన మాటలు

“తోడు వచ్చే మనిషికి చెవులు వినపడాలమ్మా. మేం పిలిస్తే పలకాలి, చెప్పింది అర్థం చేసుకోవాలి. అలాంటివాళ్ళు లేకపోతే రేపటి ఆపరేషన్ మళ్ళీ వాయిదా వెయ్యాల్సిందే” అంది ఫోన్‌లో నర్సు.

టీచరమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని మొగుడికేసి చూసింది. అతను ఆవిడ నోటికేసే చూస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా అతని చూపు అక్కడే కాపురం ఉంటోంది.

“ఏమంటోంది?” అన్నాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి అతను ఇంట్లో ఏం మాట్లాడినా వీధి చివరిదాకా వెళ్తుంది.

ఆవిడ ఫోన్ పెట్టేసి పెదవులు కదిపింది. గొంతు వాడలేదు. ‘రేపు ఏడింటికల్లా రమ్మంటున్నారు.’

“అంతసేపు మాట్లాడింది, ఏడింటికి రమ్మనడానికా?”

‘రెండుసార్లు చెప్పింది. పాపం, జాగ్రత్తగల పిల్ల.’

ఆ ఇంట్లో పద్ధతే అది. అతను మేస్త్రి, ఇనప బీరువాలు చేస్తాడు. రేకుల షెడ్డులో, నలుగురు నాలుగు వైపుల నుంచి సుత్తులు పెట్టి బాదుతుంటే మధ్యలో పెరిగాడు. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి చెవులు రెండూ సెలవు పుచ్చుకున్నాయి. పుట్టు చెవుడు కాదు గనక మాట పోలేదు. చేతులతో సైగలు నేర్చుకోవడం నామోషీ అనిపించింది. అందుకని లోకం మొత్తం మీద ఒకే ఒక్క మనిషి పెదవులు నేర్చుకున్నాడు. ఎవరేమన్నా భార్యకేసి తిరుగుతాడు. ఆవిడ ఆ మాటని పెదవులతో మళ్ళీ చెబుతుంది. చెప్పేముందు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాస్త ఏరుతుంది.

పక్కింటాయన “మీ ఆయనతో మాట్లాడ్డం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనమ్మా” అంటే, ‘ఎండలు ముదిరాయంటున్నారు’ అని చెప్పింది. షెడ్డు యజమాని “ఇక రావద్దని చెప్పు” అంటే, ‘రెండు రోజులు విశ్రాంతి తీసుకోమంటున్నారు’ అని చెప్పి, మర్నాడు తనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మొగుడి కోసం ఆవిడ ఊరు మొత్తాన్నీ తన నోటితోనే మంచి చేసి పెట్టింది.

ఇప్పుడు ఆ నోటికే వచ్చింది కష్టం. ఎడమ పక్క కింది దవడలో, జ్ఞానదంతం అడుగున నీటి తిత్తి పెరిగి ఎముకని గుల్ల చేసింది. తిత్తి తీసేశాక దవడ విరగకుండా పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగతో కలిపి కట్టేస్తామని, రెండు వారాలు నోరు తెరవకూడదని డాక్టరమ్మ చెప్పింది. కింది పెదవికి వెళ్ళే నరం ఆ తిత్తిని ఆనుకునే ఉందిట. పెదవి మొద్దుబారొచ్చు, కొందరికి నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి రాదు.

ఆవిడ మొగుడికి చెప్పినది ఇంతే. ‘చిన్న ఆపరేషన్. రెండు వారాలు పల్చటివే తాగాలట.’ తర్వాత బళ్ళో పరీక్షలని ఒకసారి, జలుబని ఒకసారి వాయిదా వేసింది. ఇక వెయ్యడానికి లేదు. దవడ దానంతట అదే విరుగుతుందన్నారు.

‘వినపడేవాళ్ళు ఒకరు రావాలట’ అంది చివరికి. వేరే దారి కనపడలేదు.

మేస్త్రి మొహం చిన్నబోయింది. కాసేపు వేళ్ళ మీది పాత గాయాలు చూసుకున్నాడు.

“పిచ్చికని పిలు” అన్నాడు. “రేపు ఆదివారం కాదనుకో. అయినా తల్లికి ఆపరేషనంటే రాకుండా ఉంటుందా?”

పిచ్చిక వాళ్ళ కూతురు. చిన్నప్పుడు నోరు ఒక్క క్షణం మూతపడకపోవడం చూసి తండ్రి పెట్టిన పేరు. ఇరవై ఆరేళ్ళు. కళ్ళద్దాల షాపులో పని. ఏడాదిన్నరగా ఇంటికి రాలేదు.

ఎందుకు రాలేదో టీచరమ్మకి తెలుసు. మేస్త్రికి తెలియదు.

ఏడాదిన్నర కిందట ఆ పిల్ల తండ్రికి చెవి మెషిన్ తెచ్చింది. తనే దగ్గరుండి పెట్టింది. అంతలో వంటింట్లో గిన్నె పడింది. మేస్త్రి అదిరిపడి మెషిన్ పీకేశాడు.

“షెడ్డు మొత్తం వచ్చి నా తలకాయలో కూర్చుంది. నాకెందుకమ్మా ఇది. వినాల్సినవన్నీ మీ అమ్మ చెప్తుందిగా” అని నవ్వాడు.

పిచ్చిక నవ్వలేదు. “అమ్మ చెప్పేది అమ్మ మాట నాన్నా. నేను మాట్లాడుతుంటే నువ్వు అమ్మ మొహం చూస్తావు. బళ్ళో ఫస్టొచ్చానన్నప్పుడూ అమ్మ మొహమే చూశావు. జ్వరమన్నప్పుడూ అంతే. నా మొహం చూసి నాతో మాట్లాడాలని నీకనిపించిన రోజు కబురు పెట్టు, వస్తాను. అప్పటిదాకా రాను.”

ఆ పిల్ల ఆ మాటలంటున్నంతసేపూ అతను భార్య నోటికేసే చూస్తున్నాడు.

టీచరమ్మ పెదవులు కదిలాయి. ‘షాపుకి దూరమవుతోందిట. హాస్టల్లో చేరుతుందిట. ఆదివారాలు వస్తానంటోంది.’

రెండు రోజుల్లో పిల్ల కోపం చల్లారుతుంది, ఈలోగా ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకు అనుకుంది. అలా అనుకున్నానని ఆవిడ తనకి తాను చెప్పుకుంది. చెప్పుకోనిది ఇంకొకటుంది. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయ్యాక కూడా రోజుకి వందసార్లు తన మొహంలోకి చూసే మొగుడు ఎంతమందికి ఉంటాడు? ఆ చూపులో వాటా ఇవ్వడం, కడుపున పుట్టినదానికైనా సరే, ఆవిడకి చేతకాలేదు.

పిల్ల కోపం చల్లారలేదు. ఆదివారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ప్రతి ఆదివారం మేస్త్రి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బాల్కనీలో నిలబడతాడు. మధ్యాహ్నం అవుతుండగా ఆవిడ వచ్చి ‘డ్యూటీ పడిందిట’ అంటుంది.

“కళ్ళద్దాల షాపులో ఆదివారం డ్యూటీ ఏమిటి?” అని ఒక్కసారి అడిగాడు.

‘చూపు తగ్గడానికి ఆదివారం సోమవారం ఉంటుందా?’ అంది. అతను నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి ఇంకో నోరు తెలియదు.

ఆ ఇంట్లో రహస్యం చెప్పాలంటే గొంతు తగ్గించక్కర్లేదు, వీపు తిప్పితే చాలు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కూతురికి ఫోన్ చేసింది.

“వస్తాను” అంది పిచ్చిక వెంటనే. తర్వాత అడిగింది. “నాన్న అక్కడే ఉంటాడా?”

“ఉంటారు.”

“ఆ రోజు నేనన్నది చెప్పావు కదమ్మా నువ్వు?”

“చెప్పాను.”

“నాన్న ఏమీ అనలేదు.”

“అనలేదు.”

“సరే. ఇంక అడగనులే. ఏడింటికి అక్కడుంటా.”

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. టీచరమ్మ నోట్లో ఏడాదిన్నరగా బండరాయి నానుతోంది. రేపు మత్తులో తను పడుకున్న రెండు గంటలూ తండ్రీ కూతురూ ఒకే చోట కూర్చుంటారు. మధ్యలో తను ఉండదు.

దవడ కోస్తారన్న భయం ఆవిడకి ఆ క్షణాన గుర్తు రాలేదు.

* * *

పొద్దున్న నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చేదు మందుతో రెండుసార్లు పుక్కిలించమన్నారు. ముక్కుపుడక తీయించారు, గాజులు తీయించారు, వెనక ముడులున్న ఆకుపచ్చ గౌను తొడిగించారు. గౌను మోకాళ్ళ దాకానే ఉందని టీచరమ్మ దుప్పటి లాక్కుంది.

డాక్టరమ్మ చిన్న కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చింది. “తీగ కట్టాక ఇంట్లో వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఈ నాలుగు చోట్ల కత్తిరించాలి. ఇది ఎప్పుడూ మంచం పక్కనే ఉండాలి. ఆయనకి చెప్పండి.”

చెప్పక్కర్లేకపోయింది. పనిముట్టు భాష మేస్త్రికి ఎవరూ అనువాదం చెయ్యక్కర్లేదు. దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు తెరిచి మూసి చూశాడు.

“ఇది పూలదారం తెంపడానికి పనికొస్తుంది డాక్టరమ్మా. నా దగ్గర మంచిదుంది. మరిగించి పెడతా” అన్నాడు. వార్డులో ఆ చివర మంచం మీద పెద్దాయన లేచి కూర్చున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర పిచ్చిక కనపడింది. చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తండ్రిని చూసి ఆగింది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. చేతిలో కటింగ్ ప్లేయర్ ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకుని, డాక్టరమ్మ చెయ్యి చాపితే మళ్ళీ తీసి ఇచ్చాడు.

“వచ్చావా” అన్నాడు.

“వచ్చాను” అంది పిచ్చిక.

అతను భార్యకేసి తిరిగాడు. టీచరమ్మ ‘వచ్చాను అంటోంది’ అని పెదవులు కదిపింది. పిచ్చిక అది చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

ట్రాలీ వచ్చింది. టీచరమ్మకి మొగుడి చెయ్యి ఒక పక్క, కూతురి చెయ్యి ఇంకో పక్క. ఇద్దరికీ చెప్పవలసిన నిజం ఒకటే. చెప్పడానికి ఇంకా పెదవులున్నాయి, గొంతుంది. లిఫ్టు దాకా సమయముంది.

కూతురితో “నాన్నని కదిలించకు, రాత్రి నిద్ర లేదు” అంది.

మొగుడితో ‘దాన్ని ఏమీ అడక్కండి, తలనొప్పిట’ అంది.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

* * *

వెయిటింగ్ హాల్లో గోడ వారగా మూడు కుర్చీలు కలిపి బిగించి ఉన్నాయి. ఒక చివర మేస్త్రి, ఇంకో చివర పిచ్చిక. మధ్య కుర్చీలో టీచరమ్మ బట్టల సంచీ.

“తిన్నావా?” అన్నాడు మేస్త్రి. హాలంతా తిరిగి చూసింది.

“తిన్నాను.”

అతను మధ్య కుర్చీకేసి చూశాడు. అక్కడ సంచీ ఉంది. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

పిచ్చికకి కోపం, నవ్వు, ఏడుపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సంచీకేసి అయినా చూస్తాడు గానీ తనకేసి చూడడు.

“ఆదివారాలు కూడా డ్యూటీ వేస్తున్నారటగా. మరీ అన్యాయం కదూ?” అన్నాడు అతను.

“ఎవరు చెప్పారు? మా షాపుకి ఆదివారం సెలవు.”

“నెమ్మదిగా చెప్పమ్మా. నాకు మీ అమ్మ నోరొక్కటే వచ్చు.”

పిచ్చిక ఇక ఆగలేదు. నర్సు ఇచ్చిన కాగితం, ఇంటికెళ్ళాక ఏం తాగించాలి, ఎన్నిసార్లు ఉప్పునీళ్ళతో కడగాలి అని రాసి ఉన్నది, వెనక్కి తిప్పి గబగబా రాసింది.

‘నా మొహం చూసి నాతో మాట్లాడమని అడిగాను. అలా అనిపించిన రోజు కబురు పెట్టమన్నాను. అమ్మ నీకు చెప్పింది. ఏడాదిన్నర ఎదురు చూశాను నాన్నా. ఒక్కసారి కూడా అనిపించలేదా?’

మేస్త్రి కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చదివాడు.

“ఎప్పుడడిగావు?”

ఇంతకాలంలో మొదటిసారి అతని గొంతు ఎలా తగ్గిందో తగ్గింది.

‘మెషిన్ తెచ్చిన రోజు.’

“ఆ రోజు నువ్వు ఆదివారాలు వస్తానన్నావు.”

పిచ్చిక చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ప్రతి ఆదివారం గడ్డం గీసుకుని కూర్చునేవాణ్ణి” అన్నాడు. “పన్నెండు దాటాక మీ అమ్మ వచ్చి డ్యూటీ పడిందిట అనేది. ఒక్క ఆదివారం కూడా సెలవివ్వని ఆ షాపువాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో.”

ఇద్దరూ ఒకేసారి ఆపరేషన్ గది తలుపుకేసి చూశారు. ఆ తలుపు వెనక టీచరమ్మ నోరు బార్లా తెరుచుకుని, ఎవరికీ ఏమీ నచ్చచెప్పలేని స్థితిలో పడుకుని ఉంది.

తర్వాత మేస్త్రి సంచీ తీసి కింద పెట్టి మధ్య కుర్చీలోకి జరిగాడు. కూతురి మొహంలోకి చూశాడు. ఎడమ కనుబొమ్మ దగ్గర మచ్చ ఉంది. అది ఎప్పుడు పడిందో అతనికి గుర్తు రాలేదు.

“నీకు రెండేళ్ళప్పుడు నాకు చెవులు పోయాయి” అన్నాడు. “నీ ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ మాట ఎలా ఉంటుందో తెలియదు. అప్పటికి నీకు మాటలు సరిగ్గా రాలేదు. చెప్పు, ఏదో ఒకటి. అర్థమయ్యేదాకా చూస్తా.”

పిచ్చిక పెదవులు వణికాయి.

“ఏడవకు. ఏడిస్తే పెదవులు వంకరపోతాయి, ఒక్క ముక్క తెలియదు. ఏడవకుండా చెప్పు.”

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. ఇరవై నాలుగేళ్ళ మాటలు లోపల ఉన్నాయి. బయటికి వచ్చింది మాత్రం ఇది. “గడ్డం తెల్లబడింది నీకు.”

అతనికి తెలియలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి వేలితో చూపించబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాడు. నాలుగోసారి చూశాడు, కళ్ళు చికిలించి, తాళం బిగించేటప్పుడు చూసినట్టు.

“గడ్డం” అన్నాడు. “గడ్డం తెల్లబడిందా?”

పిచ్చిక తల ఊపింది.

“ఈవేళ ఆదివారం కాదుగా మరి” అన్నాడు, చొక్కా భుజానికి కళ్ళు తుడుచుకుంటూ.

* * *

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మూడో రోజు ఇంటికి పంపారు. పిచ్చిక తనూ వచ్చేసింది. హాస్టల్ నుంచి రెండు జతల బట్టలు తెచ్చుకుని పాత గదిలో పెట్టుకుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ఎందుకొచ్చావనలేదు.

టీచరమ్మ ఎడమ బుగ్గ కన్ను దాకా ఉబ్బింది. కింది పెదవి ఉందో లేదో అద్దంలో చూసుకుంటే గానీ తెలియడం లేదు. వేలితో తాకితే ఎవరిదో పెదవిని తాకినట్టుంది.

ఇంటికొచ్చిన రోజే మొగుడితో మాట్లాడబోయింది. పళ్ళు బిగుసుకుని ఉన్నాయి, పెదవులు ఒకటి ఇటు, ఒకటి అటు పోయాయి. మేస్త్రి కాసేపు చూశాడు.

“వద్దులే. అలిసిపోతావు” అని లేచి వెళ్ళిపోయాడు.

సేవలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పాలు, వడగట్టిన పండ్ల రసం, పప్పు మీది తేట, సిరంజీతో బుగ్గ పక్కన ఉన్న సందులోంచి చుక్క చుక్కగా వదిలేవాడు. కళ్ళజోడు పెట్టుకుని, తలుపుకి బందు బిగించేంత శ్రద్ధగా. మాత్రలు పొడి చేసి కలిపేవాడు. మూతి తుడిచేవాడు. మరిగించిన కటింగ్ ప్లేయర్ తెల్లగుడ్డ కప్పి స్టూలు మీద పెట్టాడు. సిరంజీ చూసేవాడు, కుట్లు చూసేవాడు, కారిన చుక్క చూసేవాడు. మొహంలోకి మాత్రం చూసేవాడు కాదు.

దవడ వాస్తే మందులున్నాయి. ఆ చూపు కోసం మొహం వాచిపోవడానికి ఆవిడ దగ్గర మందు లేదు.

వంటింట్లోంచి వాళ్ళ గొంతులు వినపడేవి. “మళ్ళీ చెప్పు” అనేవాడు మేస్త్రి. పిచ్చిక చెప్పేది. “చీపురా?” అనేవాడు. “చీపురు కాదు, చక్కెర నాన్నా” అని ఆ పిల్ల పడీపడీ నవ్వేది. ఇల్లు ఎన్నాళ్ళకో నవ్వుతోంది. టీచరమ్మ మంచం మీద పడుకుని ఆ నవ్వు వింటూ, వాళ్ళ మధ్య కూర్చోవాలని ఎంత కోరుకుందో చెప్పడానికి లేదు. సంతోషంగానే ఉంది. సంతోషం ఇంత నొప్పిగా ఉంటుందని మాత్రం ఆవిడ అనుకోలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్న పిచ్చిక వేడి గుడ్డ బుగ్గకి ఆనిస్తూ అంది. “నాన్నకి చెప్పానని నాతో అన్నావు. నేను వస్తానన్నానని నాన్నతో అన్నావు. ఇద్దరం చెరో మూలా కూర్చుని ఒకరి కోసం ఒకరం చూస్తూ ఉంటే, మధ్యలో నువ్వొక్కదానివే సుఖంగా ఉన్నావా అమ్మా?”

టీచరమ్మ దిండు పక్కనున్న నోటుబుక్కు అందుకుంది. ‘లేను’ అని రాసింది.

పిచ్చిక చదివింది. “నా కోపం పోలేదు” అంది. తర్వాత గుడ్డ మడత మార్చి, “మరీ వేడిగా ఉందా?” అని అడిగింది.

ఆ మధ్యాహ్నం పిచ్చిక షాపుకి వెళ్ళాక మేస్త్రి గదిలోకి వచ్చాడు. చేతిలో సిరంజీ లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాలుగు రోజుల్నుంచీ ఒకటే పని నాకు” అన్నాడు. “పాత మాటలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసి చూసుకుంటున్నా. ఏది ఎవరిదో.”

ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంది.

“షెడ్డు యజమాని విశ్రాంతి తీసుకోమన్నాడన్నావు. పొమ్మన్నాడు కదూ?”

ఆవిడ తల ఊపింది.

“పక్కింటాయన ఎప్పుడు చూసినా ఎండల గురించే మాట్లాడేవాడు. వానలో గొడుగేసుకుని నిలబడి కూడా.”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయి. తల ఊపింది.

“వాటితో నాకు పేచీ లేదు. వాళ్ళన్న మాటల కంటే నువ్వు చెప్పినవే బాగున్నాయి” అన్నాడు. “పిచ్చిక సంగతంటావా, కోపం ఉంది. కొన్నాళ్ళుంటుంది. అరిచి తీర్చుకుందామంటే తిరిగి అనడానికి నీకు నోరు లేదు. పైగా నాదీ తప్పుంది. చూడాల్సిన మొహం నేను చూడలేదు.”

అతను మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు.

“మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. నేను నీకేసి చూశాను. ‘నువ్వు నాకేం తక్కువ చెయ్యలేదు నాయనా అంటున్నారు’ అన్నావు.”

టీచరమ్మ దిండు మీంచి తల ఎత్తింది.

“ఆరేళ్ళయింది. అమ్మకి అన్నీ తక్కువే చేశాను, నాకు తెలుసు. అయినా ఆ ఒక్క మాట ఉంది కదా అని బతుకుతున్నా. షెడ్డులో రేకు కొడుతున్నప్పుడు కూడా దాన్నే అనుకుంటూ కొడతా.” అతను కుర్చీలో ముందుకి వంగాడు. “అది అమ్మదా, నీదా?”

ఆ రోజు ఆవిడకి నిన్న జరిగినట్టుంది. ముసలావిడకి రెండు రోజుల ముందే గొంతు పడిపోయింది. ఎండిపోయిన పెదవులు కదిలాయి, అంతే. టీచరమ్మ వంగి చెవి ఆనించింది. ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ మాట చెవికి అందేది కాదు, కంటికి అందేది. పెదవులు చూసి మాట పట్టుకోవడం కాస్తయినా అలవాటున్న మనిషి ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. అతను తల్లికేసి చూడటం లేదు. భార్యకేసి చూస్తున్నాడు, ఆమె ఏం చెబుతుందా అని. ‘వారి పెదవులు చూడండి’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తన దగ్గర మంచి మాట సిద్ధంగా ఉంది, అది ఇచ్చేసింది.

ఆవిడ చెయ్యి నోటుబుక్కు కోసం వెతికింది. అతను దాన్ని దూరంగా జరిపాడు.

“రాయొద్దు. రాస్తే మళ్ళీ ఏదో బాగా రాస్తావు. అమ్మ అన్న మాటే అయితే తల ఊపు. అంతే చాలు.”

నాలుగు రోజుల తర్వాత అతను ఆవిడ మొహంలోకి చూశాడు. దేనికోసం అలమటించిందో ఆ చూపు ఎదురుగా ఉంది. నోరు తెరవద్దన్నారు గానీ తల ఊపొద్దని డాక్టరమ్మ అనలేదు. ఇంత చిన్న అబద్ధం ఆవిడ జన్మలో ఎప్పుడూ ఆడి ఉండదు. పెదవి కూడా కదపక్కర్లేదు.

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జారాయి. ఎడమ బుగ్గ మీద వెచ్చగా తెలిశాయి. మొద్దుబారిన కింది పెదవి దగ్గరికి వచ్చాక తెలియలేదు.

తల ఊపలేదు.

మేస్త్రి కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.

“నువ్వు సరిగ్గా విన్నావో లేదో” అన్నాడు. “ఇంకొక్కసారి అడుగుతా.”